దెయ్యం వేరు, గాలి వేరు, చిల్లంగి వేరు

మా నాన్నమ్మ వాళ్ళ ఊరు విశాఖ దగ్గర ఆనందపురం దాటి పద్మనాభం వైపు వెళ్ళే దారిలో ఉంటుంది. బస్సు దిగాక లోపలికి మట్టిరోడ్డు, ఆ రోడ్డు మలుపులో ఒక దిరిసెన చెట్టు. పొద్దుగూకితే పెద్దవాళ్ళు కూడా ఆ చెట్టు కిందినుంచి ఒంటరిగా వెళ్ళేవారు కాదు. గజ్జెలు కట్టుకున్న మనిషి వెనకాలే వస్తుందనేవారు. నువ్వు ఆగితే అదీ ఆగుతుంది, నువ్వు పరిగెడితే అదీ పరిగెడుతుంది, వెనక్కి తిరిగి మాత్రం చూడకూడదు.

నాకు పదకొండేళ్ళప్పుడు, సంక్రాంతి సెలవులు రేపటితో అయిపోతాయనగా, మధ్యాహ్నం పూట ధైర్యం చేసి ఆ చెట్టు కిందికి వెళ్ళాను. ఆకులు చాలావరకు రాలిపోయాయి. కొమ్మల నిండా ఎండుగడ్డి రంగులో, జానెడు పొడవున, కాగితంలా పల్చటి కాయలు వేలాడుతున్నాయి. కింద పడిన ఒక కాయ తీసి చెవి దగ్గర ఊపాను. లోపల గింజలు విడిపోయి ఉన్నాయి, గలగలమన్నాయి. అంతలో గాలి వీచింది. చెట్టు చెట్టంతా ఒక్కసారి గజ్జెలు కట్టుకున్నట్టు మోగింది. చప్పుడు ఎక్కడినుంచి వస్తోందో కళ్ళతో చూస్తూనే ఉన్నాను, అయినా ఒళ్ళు జలదరించింది.

ఆ కాయ పట్టుకొచ్చి నాన్నమ్మకి చూపించాను. తను కూడా ఊపి విని, "సప్పుడు కాయదే నాన్నా. మరి ఆ మనిసీ నిజమే" అంది.

ఆ మాట అర్థం కావడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. దెయ్యాల గురించి మాట్లాడాల్సి వస్తే మనం రెండు రకాలుగానే మాట్లాడతాం. అన్నీ ఉన్నాయంటాం, లేకపోతే అన్నీ మూఢనమ్మకాలంటాం. ఎలా అన్నా చేసే పొరపాటు ఒకటే: పల్లెలో దేనికదే విడిగా ఉన్న సంగతుల్ని తెచ్చి ఒక్క మూట కట్టేస్తాం. చచ్చిపోయినవాళ్ళ గురించి చెప్పుకునే కథ వేరు. కారణం తెలియని రోగానికి పెట్టుకున్న పేరు వేరు. బతికున్న మనిషి మీద వేసే నింద వేరు. మా ఉత్తరాంధ్రలో వీటికి పేర్లు కూడా వేరే. మొదటిది దెయ్యం, రెండోది గాలి, మూడోది చిల్లంగి, అంటే చేతబడి. మూట విప్పి చూస్తే గానీ వీటిలో ఏది దాచుకోదగ్గదో, ఏది ప్రాణాలు తీస్తోందో తేలదు.

ముందు దెయ్యం సంగతి. ఈ మాట దైవం నుంచే వచ్చింది. పాత తెలుగులో దయ్యము అంటే దేవుడు, విధి అని కూడా అర్థం. తమిళంలో 'దెయ్వం' ఇప్పటికీ దేవుడే. మన దగ్గరే ఆ మాట శ్మశానం వైపు జరిగిపోయింది. భూతం అన్నా మొదట భయపెట్టే అర్థమేమీ లేదు, గడిచిపోయినది అనే. భూతకాలం అన్నప్పుడు వాడే భూతమే ఇది. అంటే మన భాషలోనే దేవుడికీ దెయ్యానికీ, పోయిన మనిషికీ భూతానికీ మధ్య గోడ పల్చగా ఉంది. ఊళ్ళో నమ్మకం కూడా అచ్చం ఇలాగే నడుస్తుంది.

మా వైపు సంక్రాంతి అంటే పెద్దల పండగ. కోనసీమ వైపు వాళ్ళకి కోడిపందేలు ఎంతో, మాకు పెద్దలకి పెట్టుకోవడం అంత. ఇంట్లో పోయినవాళ్ళ పేరున కొత్త బట్టలు కొంటారు. తాతకి పంచె, తువ్వాలు, అమ్మమ్మకి చీర. పసుపు బొట్టు పెట్టి, వాళ్ళకి ఇష్టమైనవి వండి, విస్తరి వేసి, పేరు పేరునా తలుచుకుని, ఆ తర్వాతే బతికున్నవాళ్ళు కొత్త బట్ట కడతారు. వైజాగ్‌లో ఫ్లాట్లలో ఉండేవాళ్ళు సైతం హాల్లో ఫొటోల ముందు చీర మడత పెట్టి దణ్ణం పెట్టుకోవడం ఇప్పటికీ చూస్తాం. ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర పండగ ముందు రోజు బస్సుల కోసం ఎగబడే జనంలో చాలామంది సంచుల్లో పోయినవాళ్ళ బట్టలు కూడా ఉంటాయి.

ఇలా తలుచుకునేవాళ్ళు ఉన్న మనిషి చచ్చిపోతే 'పెద్ద' అవుతాడు. ఎవరూ లేకపోతే? లేదా ఉండి కూడా పేరెత్తడానికి ఇష్టపడకపోతే? అదిగో, దెయ్యం అక్కడే పుడుతుంది. మా ఊళ్ళో నేను విన్న దెయ్యాలన్నీ వరసగా గుర్తు చేసుకుంటే, ముసలితనంతో మంచాన పడి, కొడుకులూ కోడళ్ళూ చుట్టూ ఉండగా పోయిన మనిషి వాటిలో ఒక్కరూ లేరు. నూతిలో దూకిన కోడలు, తాటిచెట్టు మీంచి పడిపోయిన గీతకార్మికుడు, పురిట్లో పోయిన పిల్ల, ఊరుకాని ఊళ్ళో చచ్చిన కూలిమనిషి. అంతా వీళ్ళే.

దిరిసెన చెట్టు కింద మనిషి కథ నాన్నమ్మ నాకు చాలా తర్వాత చెప్పింది. అప్పటికి మా నాన్న ఇంకా పుట్టలేదు. నెలలు నిండిన ఒక అమ్మాయి అత్తారింట్లో దెబ్బలు తిని, రాత్రికి రాత్రి కన్నవారింటికి నడిచి బయల్దేరింది. చెట్టు దాకా వచ్చేసరికి నొప్పులు మొదలయ్యాయి. తెల్లారి మేకలు తోలుకెళ్ళిన పిల్లాడు చూశాడు. తల్లికీ ప్రాణం లేదు, బిడ్డకీ లేదు. అత్తారు మా మనిషి కాదన్నారు, కన్నవారు పరువు పోయిందని రాలేదు. ఊరివాళ్ళే నలుగురు కలిసి పని కానిచ్చేశారు. గజ్జెల చప్పుడు ఆ తర్వాతి చలికాలం నుంచి మొదలైంది. ఆ చెట్టు కాయలు అంతకుముందు కూడా ఏటేటా ఎండి మోగుతూనే ఉండి ఉంటాయి. ఊరు వినడం మాత్రం అప్పుడు మొదలుపెట్టింది.

ప్రతి సంక్రాంతికీ మా ఇంటి విస్తర్ల పక్కన నాన్నమ్మ ఒక చిన్న ఆకు వేసి, ఒక బూరె, గుప్పెడు అన్నం, ఒక రవికెల గుడ్డ పెట్టేది. ఎవరికని అడిగితే చెప్పేది కాదు. ఎవరికో నాకు తెలిసేసరికి ఆవిడే లేదు.

పురిట్లో పోయిన ఆడమనిషి దెయ్యమవుతుందన్న నమ్మకం ఉత్తరాదిలో చుడేల్ పేరుతో ఉంది. మలయా, ఇండోనేషియా పల్లెల్లో పొంటియానాక్ పేరుతో ఉంది. ఇంత దూరాల్లో ఉన్నవాళ్ళకి ఒకే భయం ఎలా వచ్చిందంటే, ఆ చావు అన్నిచోట్లా అంత ఎక్కువగా ఉండేది. 1990లో కూడా మన దేశంలో లక్ష కాన్పులకి 556 మంది తల్లులు చనిపోయేవారని అంచనా. 2018-20 లెక్కల్లో అది 97కి, ఆంధ్రప్రదేశ్‌లో 45కి దిగింది. నాన్నమ్మ పెళ్ళయి ఊళ్ళోకి వచ్చిన రోజుల్లో ఎంత ఉండేదో ఊహించుకోవచ్చు. వీధికొక ఇంట్లో ఆ చావు ఉండేది. పురిటి మంచం కింద కొడవలి, గుమ్మంలో పాత చీపురు, చూరులో వేపమండ పెట్టి, బాలింతని చీకట్లో ఒంటరిగా బయటికి పంపకుండా కాపలా కాసిన ఆడవాళ్ళు పిరికివాళ్ళు కాదు. చేతిలో ఇంకేమీ లేని మనుషులు.

అదే మనిషి దేవత కూడా కావచ్చు. అన్యాయంగానో అర్ధాంతరంగానో పోయిన ఆడవాళ్ళని పేరంటాలని పిలిచి గుడి కట్టి కొలవడం తెలుగు నేల అంతా ఉంది. మనకి దగ్గర్లో పెద్ద ఉదాహరణ విజయనగరం పైడితల్లి అమ్మవారు. 1757 జనవరిలో బొబ్బిలి యుద్ధం జరిగింది. యుద్ధం వద్దని తన అన్న, విజయనగరం రాజు విజయరామరాజుని వేడుకున్న చెల్లెలు పైడిమాంబ, ఆ దుఃఖంతోనే ప్రాణం విడిచి అమ్మవారైందని, పెద్ద చెరువులో విగ్రహమై దొరికిందని కథ. దసరా వెళ్ళాక జరిగే సిరిమానుకి లక్షల్లో జనం వస్తారు. దుఃఖంతో పోయిన పిల్ల ఆవిడ కూడా. మా చెట్టు కింద అమ్మాయికీ ఆవిడకీ చావులో పెద్ద తేడా లేదు, వెనక నిలబడినవాళ్ళలో ఉంది. ఒకరి కోసం సంస్థానం నిలబడింది. ఇంకొకరిని కన్నవాళ్ళు కూడా తీసుకెళ్ళలేదు.

శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం కొండల్లోనూ, ఒడిశా వైపూ ఉండే సవర గిరిజనులు ఈ సంగతిని మనకంటే ఎక్కువ విప్పి చూశారు. వాళ్ళ భాషలో చనిపోయినవాళ్ళు 'సోనుం' అవుతారు. ఎలా చనిపోయారన్నదాన్ని బట్టి కొండ మీదో, రాళ్ళ దగ్గరో, సూర్యుడి దగ్గరో వాళ్ళకొక చోటు ఉంటుంది. పూనకంలోకి వెళ్ళిన పూజారి గొంతులోంచి పోయినవాళ్ళు మాట్లాడతారు. ఎక్కువగా ఈ పని చేసేది ఆడవాళ్ళే. ఇంట్లోవాళ్ళు చుట్టూ కూర్చుని వాళ్ళతో ఏడుస్తారు, దెబ్బలాడతారు, అప్పులూ పొలాలూ ఎవరికి రావాలో అడుగుతారు. ఏళ్ళ తరబడి ఇలా మాట్లాడుతూ పోగా పోగా ఆ చనిపోయిన మనిషి కోపం తగ్గి, ఇంటికి కాపలా అవుతాడు. కొత్త తరం చాలామంది క్రైస్తవంలోకి వెళ్ళడంతో ఈ మాటలు తగ్గిపోతున్నాయి. నా దృష్టిలో దుఃఖాన్ని ఇంత ఓపిగ్గా చూసుకునే పద్ధతి మన మైదానాల్లో ఎక్కడా లేదు. మనం పదకొండో రోజుకో పన్నెండో రోజుకో ముగించేస్తాం. మిగిలిపోయినదాన్ని చెట్టుకి తగిలిస్తాం.

కొరివి దెయ్యం కూడా ఈ కోవలోదే అనిపిస్తుంది. కొరివి అంటే మండుతున్న కట్టె. తలకొరివి అన్న మాటలో ఉన్నదీ అదే. రాత్రిపూట పొలాల మీద, చెరువు గర్భంలో ఒక మంట తనంతట తాను నడుచుకుంటూ పోతుందంటారు. చిత్తడి నేలల్లో కుళ్ళిన ఆకూ అలమూ వల్ల పుట్టే మీథేన్ లాంటి వాయువులు అంటుకోవడమే ఇదని ఒక వివరణ ఉంది. రాత్రి మడికి నీళ్ళు పెట్టుకోవడానికో, పీతలు పట్టడానికో కాగడా పట్టుకుని వెళ్ళే మనిషి దూరంనుంచి అలా కనిపించడం ఇంకా మామూలు విషయం. వివరణ ఏదైనా, ఆ వెలుతురికి మన పల్లె పెట్టుకున్న పేరు చూడండి. తలకొరివి పెట్టే దిక్కులేనివాడు తన కొరివి తానే మోసుకుని తిరుగుతున్నాడని నాకు ఆ పేరులో వినిపిస్తుంది.

దెయ్యాలు ఊరంతా తిరగవు. ప్రతిదానికీ ఒక చోటు, ఒక వేళ ఉంటాయి. చింతచెట్టు కింద రాత్రి పడుకోకూడదనడానికి చెట్లు రాత్రి కార్బన్ డయాక్సైడ్ వదులుతాయని, పెద్దలు సైన్స్ తెలిసే అలా చెప్పారని వాట్సాప్‌లో తిరుగుతూ ఉంటుంది. అది నిలబడే మాట కాదు. ఆరుబయట చెట్టు రాత్రి వదిలేది చాలా తక్కువ, పక్కన పడుకున్న మనిషి ఊపిరి అంతకంటే దగ్గరగా తగులుతుంది. అసలు కారణాలు వెతకడానికి అంత దూరం పోనక్కర్లేదు. పాత చింతల నిండా గబ్బిలాలు, తొర్రల్లో గుడ్లగూబలు, మొదట్లో పాములు. తెల్లటి మొహం ఉన్న చావుపిట్ట అనే గుడ్లగూబ అరుపు ఒకసారి దగ్గరనుంచి విన్నవాళ్ళకి దెయ్యం అన్న మాట ఎవరూ నేర్పక్కర్లేదు. మిట్టమధ్యాహ్నం దెయ్యం కూడా అంతే. మేలో పన్నెండు గంటలకి జీడితోటల్లోకి వెళ్ళకూడదనేవారు. వెళ్ళిన పిల్లాడు వచ్చి ఒళ్ళు కాలిపోతూ, పొంతన లేకుండా మాట్లాడుతూ పడిపోతే దెయ్యం పట్టిందన్నారు. ఇప్పుడు వడదెబ్బ అంటాం. పేరు మారింది, వెళ్ళొద్దన్న మాట మాత్రం అప్పుడూ ఇప్పుడూ సరైనదే.

సముద్రం దగ్గర ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. ఆర్కే బీచ్‌లో, యారాడలో, రుషికొండలో ఏటా మనుషులు పోతూనే ఉన్నారు, ఎక్కువమంది ఊరికి కొత్తవాళ్ళు, కుర్రాళ్ళు. మునిగిపోయినవాళ్ళే కాళ్ళు పట్టి లాగుతారని, గంగమ్మ తనవాళ్ళని తీసుకుంటుందని తీరం వెంట అంటారు. కాళ్ళు లాగినట్టు అనిపించడం అబద్ధం కాదు. ఒడ్డుకి వచ్చిన కెరటాల నీళ్ళు తిరిగి లోపలికి పోవడానికి ఒక సన్నటి దారి చేసుకుంటాయి. అక్కడ పైకి కెరటం విరగదు, చూడ్డానికి చుట్టుపక్కలకంటే ప్రశాంతంగా ఉంటుంది, కింద ప్రవాహం మాత్రం నిలబడ్డ మనిషిని లోపలికి ఈడ్చుకుపోతుంది. దీన్ని రిప్ కరెంట్ అంటారు. దానికి ఎదురీది ఒడ్డుకి రావాలని చూసినవాళ్ళే ఎక్కువగా అలసిపోయి మునిగిపోతారు. ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈదితే ఆ సన్నటి దారిలోంచి బయటపడొచ్చు. జాలరిపేట మనుషులకి నీళ్ళ రంగు చూస్తే ఎక్కడ దిగకూడదో తెలుస్తుంది. వాళ్ళ భాషలో అది గంగమ్మ చోటు. ఊరికి కొత్తవాళ్ళకి ఆ మాటా తెలియదు, ఆ నీళ్ళూ తెలియవు.

కొత్త ప్రమాదాలకి కొత్త దెయ్యాలు వస్తున్నాయి. ఆనందపురం నుంచి అనకాపల్లి వైపు ఆరు వరసల రోడ్డు పడ్డాక, మా బంధువుల మాటల్లో చింతచెట్లు తగ్గి, అడ్డంగా వచ్చే తెల్లచీర మనిషి ఎక్కువైంది. లారీ డ్రైవర్లు కొన్ని మలుపుల్లో నిమ్మకాయ తొక్కించి వెళతారు. అవన్నీ ఇంతకుముందు యాక్సిడెంట్లు అయిన చోట్లే.

ఇక గాలి. ఇది దెయ్యం కథ కాదు, రోగ నిర్ధారణ. "పిల్లకి గాలి సోకింది" అన్నప్పుడు నాన్నమ్మ ఏ చచ్చిపోయిన మనిషినీ తలుచుకునేది కాదు. కారణం కనబడకుండా హఠాత్తుగా వచ్చిన జబ్బు అని మాత్రమే ఆ మాటకి అర్థం. ఇక్కడ మాత్రం నేను మెత్తగా మాట్లాడలేను. దెయ్యం కథ వల్ల పెద్దగా ఎవరూ చచ్చిపోరు. గాలి అన్న మాట వల్ల ఆలస్యమై చాలామంది పోయారు.

కట్లపాము సంగతే చూడండి. అది రాత్రి తిరుగుతుంది, నేల మీద పడుకున్నవాళ్ళని నిద్రలో కాటేస్తుంది. కాటు నొప్పి దాదాపు తెలియదు. వాపు ఉండదు, పళ్ళ గాట్లు వెతికినా దొరకకపోవచ్చు. రాత్రి బాగానే అన్నం తిని పడుకున్న మనిషి తెల్లవారుజామున కడుపునొప్పి అంటూ లేస్తాడు. కాసేపటికి కళ్ళు తెరుద్దామన్నా రెప్పలు లేవవు. మాట ముద్దగా వస్తుంది, మింగుడు పడదు, చివరికి ఊపిరి ఆడదు. పాము ఎవరికీ కనబడలేదు, గాయం లేదు. ఇంట్లోవాళ్ళకి ఇది గాలిలాగే ఉంటుంది మరి. విభూది పెట్టించి, తాయెత్తు కట్టించి, మధ్యాహ్నానికి ఆసుపత్రికి తీసుకెళ్ళేసరికి సమయం దాటిపోతుంది. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో ఏడాదికి సగటున 58 వేల మంది పాముకాటుతో చనిపోయారని అంచనా, మన రాష్ట్రం ఆ భారం ఎక్కువగా మోసినవాటిలో ఒకటి. మన దేశంలో వాడే యాంటీవీనం, అంటే విషానికి విరుగుడు మందు, నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి నాలుగింటికీ పనిచేస్తుంది. నేల మీద పడుకుని లేచిన మనిషికి రెప్పలు వాలిపోతుంటే, గాయం కనబడకపోయినా, మొదట అనుమానించాల్సింది కట్లపామునే.

పుట్టిన బిడ్డల సంగతి ఇంకా కడుపు తరుక్కుపోతుంది. బిడ్డ రెండు రోజులు చక్కగా పాలు తాగుతుంది. మూడో రోజో, వారానికో చప్పరించడం మానేస్తుంది. దవడ బిగుసుకుంటుంది, తాకితే చాలు, చప్పుడైతే చాలు, ఒళ్ళు విల్లులా వంగిపోతుంది. ఎన్ని ఇళ్ళలో ఆ బిడ్డని దెయ్యం ఎత్తుకుపోయిందన్నారో. అది ధనుర్వాతం. మట్టిలో, పేడలో ఉండే క్రిమి బొడ్డు కోసిన కొడవలితోనో, వెదురు బద్దతోనో, బొడ్డు మీద అద్దిన బూడిదతోనో లోపలికి వెళ్ళేది. కాపలాకని మంచం కింద పెట్టిన ఇనుము లాంటి ఇనుమే ఆ పని చేసింది. గర్భిణులకి టీటీ సూదులు, ఆసుపత్రి కాన్పులు వచ్చాక, 2015లో ఈ జబ్బుని దేశంలో అదుపు చేశామని ప్రకటించగలిగారు. ఆ గాలి ఏ మంత్రానికీ పోలేదు, ఒక సూదికి పోయింది.

అన్నీ ఇంత ప్రాణాంతకం కాదు. నిద్రలో మెలకువ వచ్చి, కాలూ చెయ్యీ కదపలేక, గుండెల మీద ఎవరో కూర్చున్నట్టు, గదిలో మూల ఎవరో నిలబడ్డట్టు అనిపించడం చాలామందికి తెలుసు. కలలు వచ్చే నిద్రలో మన కండరాలని మెదడు కదలకుండా సడలించి ఉంచుతుంది, లేకపోతే కలలో పరిగెడితే మంచం మీంచి పడిపోతాం. ఒక్కోసారి మెలకువ ముందొచ్చి ఆ సడలింపు వదలడం ఆలస్యమవుతుంది. కల కూడా ఇంకా కళ్ళ ముందే నడుస్తుంటుంది. దీన్ని నిద్రపక్షవాతం అంటారు. జీవితంలో ఒక్కసారైనా ఇది చూసినవాళ్ళు నూటికి దాదాపు ఎనిమిది మంది ఉంటారు. జపాన్‌లో దీన్ని కనషిబారి అంటారు. నిద్ర చాలనివాళ్ళకి, వెల్లకిలా పడుకున్నవాళ్ళకి ఎక్కువ. నైట్ షిఫ్టులు చేసే కుర్రాళ్ళు నాతో చెప్పిన దెయ్యాల్లో సగం ఇదే.

ఒంటి మీదికి రావడం గురించి ఒక మాట. కొత్త కోడలికి పోయిన ఆడపడుచు పూనిందని, గొంతు మారిపోయి ఇంట్లోవాళ్ళని నిలబెట్టి అడిగిందని వింటాం. ఆ అమ్మాయి నటిస్తోందని తేల్చేయడం తప్పు. ఇలాంటి స్థితిని ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వ్యాధుల జాబితాలో విడిగా గుర్తించింది. తనంతట తాను నోరు తెరవలేని మనిషి చచ్చిపోయినవాళ్ళ నోటితో మాట్లాడుతోందేమో చూడాలి. ఆ మాటలు కాస్త శ్రద్ధగా వింటే ఇంట్లో ఏం జరుగుతోందో తెలిసిపోతుంది. చింతబరికెలతో కొట్టడం, మిరపకాయల పొగ పెట్టడం శుద్ధ క్రూరత్వం. చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. పిచ్చాసుపత్రి అని మనమే పేరు పెట్టి జనాన్ని అటు వెళ్ళకుండా చేశాం. వెళ్ళడానికి బిడియమైతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ వాళ్ళ 14416కి ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు.

అమ్మోరిని ఈ లెక్కలో కలపకూడదు. మశూచిని, కలరాని గాలి అనలేదు, దెయ్యం అనలేదు, అమ్మవారు అన్నారు, మరిడమ్మ అన్నారు. ఒక్కరికి కాకుండా ఊరందరికీ వచ్చిన జబ్బుని ఊరందరూ కలిసి మోయాలి, దానికి తల్లి రూపం ఇచ్చారు. బురుజుపేట కనకమహాలక్ష్మి విగ్రహాన్ని 1917లో రోడ్డు కోసం పక్కకి జరిపితే ప్లేగు వచ్చిందని, తిరిగి పెట్టాక తగ్గిందని గుడి కథలో చెప్తారు. ఇప్పటికీ అమ్మవారికి పైకప్పు లేదు. మశూచి 1975లో మన దేశం నుంచి వెళ్ళిపోయింది, 1980లో ప్రపంచం నుంచే పోయిందని ప్రకటించారు. జాతరలు మాత్రం ఉన్నాయి, ఉండనీ. బ్రహ్మరాక్షసులు, బేతాళుడు, శాకినీ ఢాకినులు చాలావరకు పురాణాల్లోంచి, కథల్లోంచి ఊళ్ళోకి దిగినవాళ్ళు. వాళ్ళతో పిల్లలకి రాత్రి గడుస్తుంది, అంతకుమించి ఊరి బతుకులో వాళ్ళ పాత్ర తక్కువ.

మిగిలింది చిల్లంగి. తెలంగాణలో బాణామతి అంటారు, మిగతా చోట్ల చేతబడి. దెయ్యం మాట ఎత్తినప్పుడల్లా దీన్నీ పక్కన కూర్చోబెట్టడమే మనం చేస్తున్న అన్నిటికంటే పెద్ద తప్పు. దెయ్యం చచ్చిపోయిన మనిషి, దాన్ని ఎవరూ ఏమీ చేయలేరు. చిల్లంగి పెట్టిందంటున్నది పక్క వీధిలో బతికున్న మనిషి. ఆ మనిషిని కొట్టొచ్చు, పళ్ళు ఊడగొట్టొచ్చు, ఊళ్ళోంచి వెళ్ళగొట్టొచ్చు, చంపొచ్చు. మన మన్యంలో ఇలా చంపిన కేసులు పదే పదే వార్తల్లోకి వస్తున్నాయి.

ఎలా మొదలవుతుందో గమనిస్తే వరస దాదాపు ఒకేలా ఉంటుంది. ముందు కారణం తెలియని చావు. పాడేరు, అరకు వైపు వానాకాలంలో వచ్చే మలేరియా మెదడుకెక్కితే మనిషి రెండు మూడు రోజుల్లో ఫిట్స్ వచ్చి పోతాడు. ఆంత్రాక్స్ అక్కడ మళ్ళీ మళ్ళీ కనబడుతుంది. రోగంతో చచ్చిన మేకనో గొర్రెనో కోసుకుని తిన్న ఇంట్లో నలుగురికీ ఒకేసారి నల్లటి పుండ్లు లేస్తాయి. రోడ్డు లేక డోలీ కట్టి మోసుకెళ్ళే దారిలోనే ప్రాణం పోతుంది. ఏం జబ్బో చెప్పేవాడు లేడు. అప్పుడు దిసారి దగ్గరికో, ఇంకొక మంత్రగాడి దగ్గరికో వెళతారు. ఎవరో పెట్టారంటాడు. పేరు చెప్పక్కర్లేదు, తూర్పు వైపు ఇల్లు అంటే చాలు. ఆ ఇంట్లో ఉండేది ఒంటరి ముసలమ్మ, లేదా మూలికలు తెలిసిన మనిషి, లేదా పొలం గట్టు తగాదా ఉన్న పాలివాడు. రోగానికి సమాధానం దొరకని చోట మనిషి దొరికాడు.

బీహార్ 1999లో, మన పక్కనే ఉన్న ఒడిశా 2013లో ఈ నింద వేయడమే నేరమని ప్రత్యేక చట్టాలు చేశాయి. చంపితే మాత్రం ఎక్కడైనా హత్యే, భారతీయ న్యాయ సంహిత 103వ సెక్షన్ కిందే కేసు. కానీ కేసు వచ్చేది మనిషి పోయాక. అంతకుముందు వారం పది రోజుల పాటు ఊరంతా గుసగుసలుగా ఆ పేరు తిరుగుతుంది. ఆపగలిగే సమయం అదే. ఆ చావుకి జబ్బు పేరేమిటో పీహెచ్‌సీ డాక్టరో, ఆశా కార్యకర్తో ఊరి మధ్యలో నిలబడి చెప్పగలిగేదీ, 112కి ఒక ఫోన్ వెళ్ళాల్సిందీ అప్పుడే.

మా నాన్నమ్మ రాత్రంతా దెయ్యాల కథలు చెప్పేది. చీకటి పడ్డాక ఈల వేయనిచ్చేది కాదు. ఒక వానాకాలం మా వీధి చివరింటి ముసలామె మీద ఆ మాట లేచింది. ఎదురింట్లో రెండు ఎడ్లు వరసగా చచ్చిపోయాయి, ఆ తర్వాత పిల్లాడికి జ్వరం. ఆమె ఇచ్చింది ఎవరూ తినడం లేదు, ఆమె నుయ్యి దగ్గరికి వస్తే మిగతావాళ్ళు బిందెలు తీసుకుని పక్కకి జరుగుతున్నారు. సాయంత్రం అందరూ అరుగుల మీద ఉన్న వేళ నాన్నమ్మ నా చెయ్యి పట్టుకుని వీధి చివరి దాకా నడిచింది. ఆ ఇంటి అరుగు మీద కూర్చుని, వీధంతా వినబడేలా, "ఒసే, ఓ గళాసుడు నీళ్ళియ్యే, దాహం" అంది. ఆమె లోపలికి వెళ్ళి ఇత్తడి గ్లాసుతో నీళ్ళు తెచ్చింది. చేతులు వణుకుతున్నాయి, సగం నీళ్ళు కింద ఒలికిపోయాయి. నాన్నమ్మ ఎత్తి తాగి, మిగిలినవి నా నోట్లో పోసింది. తర్వాత ఇద్దరూ పొద్దుపోయేదాకా వానల గురించి, చోడి పంట గురించి మాట్లాడుకుంటూ కూర్చున్నారు.